చేనేత చీరల ఆన్‌లైన్ దుకాణానికి మేనేజ్డ్ ఫైర్‌వాల్ తీసుకోవాలా, తీసుకుంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైటును దుకాణంగా మార్చే సాఫ్ట్‌వేర్) మీద చేనేత చీరలు అమ్ముతున్నారు. అద్దెకు తీసుకున్న సర్వర్ ఒకటే. నెలకు సుమారు 600 ఆర్డర్లు, వాటిలో మూడో వంతు అమెరికాలోని మనవాళ్లవి. పోయిన నెల అడ్మిన్ పేజీ మీద వేల సంఖ్యలో లాగిన్ ప్రయత్నాలు కనిపించాయి. హోస్టింగ్ వాళ్లు ‘మేనేజ్డ్ వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ తీసుకోండి, ఇక ఏ చింతా ఉండదు’ అంటున్నారు. సైటుకు వచ్చే ప్రతి రిక్వెస్టునూ (పేజీ చూపించమనో, ఫారం తీసుకోమనో బ్రౌజర్ పంపే సందేశాన్ని) జల్లెడ పట్టి, దాడులను ఆపే సేవ అది. సైటు తయారు చేసిన అబ్బాయి ‘సెక్యూరిటీ ప్లగిన్ (సైటులో చేర్చిన కాపలా ప్రోగ్రామ్) ఉంది కదా, డబ్బు దండగ’ అంటున్నాడు. దసరా అమ్మకాలకు ఇంకా ఏడు వారాలుంది. ఎవరి మాట వినాలి?

తీసుకోండి. అయితే అది పెట్టిన రోజునే మీ సర్వర్‌కు నేరుగా వచ్చే దారిని మూసేయండి. మూయకపోతే పెట్టనట్టే లెక్క. మొదటి రెండు వారాలు దేన్నీ ఆపకుండా, ఆపాల్సినవేమిటో నమోదు మాత్రమే చేసే పద్ధతిలో నడపండి. ఈ రెండు పనులూ చేయకుండా నెలనెలా డబ్బు కట్టిన దుకాణాలను చాలా చూశాను. దొంగ దొడ్డిదారిన వచ్చి వెళ్లాడు. చీర కొనబోయిన మనిషి మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

పదకొండేళ్లుగా చిన్న, మధ్యస్థాయి ఆన్‌లైన్ దుకాణాల సర్వర్లు చూసుకోవడమే నా పని. చీరలు, పచ్చళ్లు, పూజా సామగ్రి, పుస్తకాలు అమ్మేవాళ్లు నా దగ్గర ఎక్కువ. కింద రాసేవన్నీ ఆ పనిలో ఎదురైనవే.

ముందు ‘మేనేజ్డ్’ అన్న మాట సంగతి. దాన్ని రెండు అర్థాల్లో అమ్ముతున్నారు. మొదటి రకంలో ఎలాంటి రిక్వెస్టును ఆపాలో చెప్పే రూల్స్‌ను కంపెనీ రాస్తుంది, కొత్త లోపం బయటపడగానే కంపెనీయే కొత్త రూల్ చేరుస్తుంది. ఆ రూల్స్ మీ సైటుకు సరిపడుతున్నాయో లేదో చూసి సర్దుకోవడం మాత్రం మీ పని. రెండో రకంలో వాళ్ల మనుషులే మీ లాగ్‌లు (రాకపోకల చిట్టాలు) చూస్తారు, పొరపాటున ఆగిన ఆర్డర్లను పట్టుకుంటారు, రూల్స్‌ను మీకు తగ్గట్టు మారుస్తారు. ధరలో చాలా తేడా ఉంటుంది. మీ హోస్టింగ్ వాళ్లను ఒకే ప్రశ్న అడగండి: ‘ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మా కస్టమర్ చెల్లింపు పేజీ దగ్గర ఆగిపోతే ఫోను ఎత్తేది ఎవరు, ఎంతసేపట్లో సరిచేస్తారు?’ జవాబు తడబడితే మీకు అమ్ముతున్నది మొదటి రకం. అదీ పనికొచ్చేదే. కానీ సర్దుబాటు చేసే మనిషిని మీరే పెట్టుకోవాలి.

మీ అబ్బాయి మాట పూర్తిగా తప్పు కాదు. మంచి ప్లగిన్ ఫైర్‌వాల్ చాలా దాడులను ఆపుతుంది. ఫైర్‌వాల్ వచ్చింది కదా అని దాన్ని తీసేయకండి. దాని పరిమితి ఎక్కడంటే, అది మీ సర్వర్ లోపలే పనిచేస్తుంది. దాడి రిక్వెస్టు మీ సర్వర్ దాకా వచ్చి, సైటును నడిపే పీహెచ్‌పీ మేల్కొన్నాకే ప్లగిన్‌కు దాన్ని తిప్పికొట్టే అవకాశం వస్తుంది. గంటకు లక్ష రిక్వెస్టులు వచ్చి పడితే ప్లగిన్ అన్నిటినీ తిరస్కరిస్తుంది, అన్నిటినీ తిరస్కరించే పనిలోనే సర్వర్ కూలబడుతుంది. మేనేజ్డ్ ఫైర్‌వాల్ ఉండేది మీ సర్వర్ బయట, క్లౌడ్‌లో. అది ఆ రద్దీని మీ గుమ్మం దాకా రానివ్వదు.

అసలు మేలు ఇంకొకటి ఉంది, సమయం. 2023 మార్చిలో వూకామర్స్ పేమెంట్స్ ప్లగిన్‌లో ఒక లోపం బయటపడింది. దాని నంబరు సీవీఈ-2023-28121. రిక్వెస్టులో ఒక హెడర్ (సందేశం పైన రాసే అదనపు వివరం) చేర్చి అందులో అడ్మిన్ యూజర్ నంబరు రాస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండా అడ్మిన్ అయిపోవచ్చు. సవరణ మార్చిలోనే వచ్చింది. పెద్ద ఎత్తున దాడులు జరిగింది జులైలో. జులై 16న ఒక్క రోజే 1,57,000 సైట్ల మీద 13 లక్షల దాడులు నమోదైనట్టు వర్డ్‌ప్రెస్ భద్రత చూసే వర్డ్‌ఫెన్స్ సంస్థ ప్రకటించింది. ఆ నాలుగు నెలలూ అప్‌డేట్ చేయకుండా ఉన్న దుకాణాలను నేను తప్పుపట్టను. ‘అప్‌డేట్ చేస్తే చెక్‌అవుట్ చెడిపోతుందేమో’ అన్న భయం ఎంత నిజమైనదో నాకు తెలుసు. అలాంటప్పుడు ఫైర్‌వాల్‌లో చేరిన ఒక రూల్ ఆ హెడర్‌ను బయటే ఆపి, మీరు నిదానంగా పరీక్షించి అప్‌డేట్ చేసుకునే గడువు ఇస్తుంది.

గడువు ఇస్తుందంతే, మీ బదులు అప్‌డేట్ చేయదు. 2024 జూన్‌లో మాజెంటో (వూకామర్స్ లాంటి ఇంకో దుకాణ సాఫ్ట్‌వేర్) దుకాణాలను పట్టిన కాస్మిక్‌స్టింగ్ లోపంలో (సీవీఈ-2024-34102) ఇది బాగా కనిపించింది. దాడిచేసినవాళ్లు ముందు ఎత్తుకెళ్లింది సైటు రహస్య తాళంచెవిని. తర్వాత సవరణ వేసి, తాళంచెవి మార్చని దుకాణాల్లోకి పాత చెవితోనే మళ్లీ దర్జాగా వచ్చారు.

ఇప్పుడు దొడ్డి తలుపు. నా అనుభవంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

క్లౌడ్ ఫైర్‌వాల్ పెట్టడమంటే మీ డొమైన్ పేరును మీ సర్వర్ వైపు కాకుండా ఆ కంపెనీ వైపు తిప్పడం. రాకపోకలు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, జల్లెడ పడి, మీ సర్వర్‌కు చేరతాయి. కానీ మీ సర్వర్‌కు తనదైన ఐపీ చిరునామా (అంకెల్లో ఉండే అడ్రసు) ఉంది కదా. అది తెలిసినవాడు డొమైన్ పేరుతో పని లేకుండా తిన్నగా ఆ ఐపీకే రిక్వెస్టు పంపగలడు. ఫైర్‌వాల్‌కు ఆ సంగతే తెలియదు.

మూడేళ్ల కిందట ఒక పచ్చళ్ల దుకాణం వాళ్లు పిలిచారు. ఫైర్‌వాల్ డాష్‌బోర్డులో అంతా ప్రశాంతం, ఒక్క దాడీ నమోదు కాలేదు. సర్వర్ మాత్రం రోజుకు మూడుసార్లు పడిపోతోంది. సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచి మొదటి గడిలో ఉన్న ఐపీలు చూశాను. అక్కడ ఫైర్‌వాల్ కంపెనీ ఐపీలే కనిపించాలి. వందల కొద్దీ బయటి ఐపీలు ఉన్నాయి. వాళ్లకు సర్వర్ చిరునామా ఎలా తెలిసిందని వెతికితే, ఆర్డర్ ధ్రువీకరణ ఈమెయిల్ దగ్గర దొరికింది. ఈమెయిల్‌ను ఆ సర్వరే నేరుగా పంపుతోంది. ఈమెయిల్ పూర్తి హెడర్లు తెరిస్తే ‘ఫలానా ఐపీ నుంచి అందింది’ అని అంకెలతో సహా ఉంటుంది. 150 రూపాయల ఆవకాయ సీసా కొన్న ప్రతి ఒక్కరికీ ఆ దుకాణం తన సర్వర్ చిరునామాను తనే పంపుతూ వచ్చింది.

ఈమెయిల్ ఒక్కటే కాదు. ఏ డొమైన్ పేరు ఏ ఐపీకి వెళ్తుందో చెప్పే డీఎన్ఎస్ రికార్డులను, ఫైర్‌వాల్ పెట్టక ముందు నాటివి కూడా, దాచి ఉంచే సేవలున్నాయి. ఇంటర్నెట్టంతా స్కాన్ చేసి ఏ ఐపీ దగ్గర ఏ డొమైన్ సర్టిఫికెట్ ఉందో చూపించే షోడాన్, సెన్సిస్ వంటివి ఉన్నాయి. ‘మెయిల్’, ‘టెస్ట్’ వంటి ఉపడొమైన్లు ఫైర్‌వాల్ వెనక్కి వెళ్లకుండా పాత ఐపీనే చూపిస్తుంటాయి. కాబట్టి మీ ఐపీ ఎవరికీ తెలియదని అనుకోవద్దు. తెలిసినా పనికిరాకుండా చేయండి.

దానికి చేయాల్సింది ఇది. సర్వర్ ముందున్న నెట్‌వర్క్ ఫైర్‌వాల్‌లో వెబ్ రాకపోకలు సాగే 80, 443 పోర్టులను ఆ కంపెనీ ప్రకటించిన ఐపీ శ్రేణులకు మాత్రమే తెరవండి, మిగతా లోకానికి మూసేయండి. ఈమెయిళ్లను వేరే మెయిల్ సేవ ద్వారా పంపండి. ఇవి పూర్తయ్యాక సర్వర్ ఐపీ మార్పించుకోండి, ఎందుకంటే పాతది ఇప్పటికే పదిచోట్ల రాసి ఉంటుంది. ఇంకో మెట్టు ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఆ ఐపీ శ్రేణులను ఆ కంపెనీ ఖాతాదారులందరూ పంచుకుంటారు. దాడిచేసేవాడు అదే కంపెనీలో తనో ఖాతా తెరిచి, తన డొమైన్‌ను మీ సర్వర్ వైపు తిప్పితే వాడి రిక్వెస్టులు కూడా ‘అనుమతించిన’ ఐపీల నుంచే వస్తాయి. అందుకని ఫైర్‌వాల్ నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టుకూ ఒక రహస్య హెడరో, మీకు మాత్రమే ఇచ్చిన క్లయింట్ సర్టిఫికెట్టో (గుర్తింపు పత్రం లాంటిది) జోడించి, అది లేనిదాన్ని సర్వర్ తిరస్కరించేలా పెట్టాలి.

పరీక్ష మీరే చేయవచ్చు. ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద బ్రౌజర్లో సర్వర్ ఐపీ అంకెలు కొట్టండి. మీ దుకాణం కనిపిస్తే చెప్పేదేముంది. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినా తలుపు తెరిచే ఉందని అర్థం. ఏ స్పందనా లేకుండా తిరిగి తిరిగి ఆగిపోవాలి.

ఇదే సందర్భంలో ఇంకో చిక్కు. ఫైర్‌వాల్ పెట్టాక మీ సర్వర్‌కు కస్టమర్లందరూ ఫైర్‌వాల్ ఐపీల నుంచే వస్తున్నట్టు కనిపిస్తారు. అసలు ఐపీ ఒక హెడర్‌లో వస్తుంది. దాన్ని చదివేలా సర్వర్‌ను సర్దకపోతే, తప్పు పాస్‌వర్డులు లెక్కపెట్టి ఐపీని నిషేధించే మీ ప్లగిన్ ఏదో ఒక రోజు ఫైర్‌వాల్ ఐపీనే నిషేధిస్తుంది. దుకాణం సగం మందికి తెరుచుకుంటుంది, సగం మందికి తెరుచుకోదు. ఒక పుస్తకాల దుకాణంలో ఈ కారణం కనుక్కోవడానికి నాకు ఒక రాత్రి పట్టింది. ఆ హెడర్‌ను ఫైర్‌వాల్ ఐపీల నుంచి వచ్చినప్పుడు మాత్రమే నమ్మాలి. ఎవరు పంపినా నమ్మితే దాడిచేసేవాడు తనకు నచ్చిన ఐపీ రాసుకుంటాడు.

రెండు వారాల నమోదు ఎందుకు? మన చిరునామాలు, మన లిపి ఆ రూల్స్ రాసినవాళ్ల ఊహలో లేవు కాబట్టి.

చాలా ఫైర్‌వాళ్లకు మూలమో, స్ఫూర్తో ఓవాస్ప్ కోర్ రూల్ సెట్ అనే ఉచిత రూల్స్ జాబితా. అందులో అనుమానాస్పదమైన ప్రతి అంశానికీ మార్కులు పడతాయి. మొత్తం 5కు చేరితే రిక్వెస్టు ఆగుతుంది. తీవ్రమైన రూల్ ఒక్కటి తగిలినా 5 మార్కులు పడతాయి. డేటాబేసును దోచే దాడుల కోసం అందులో ఒక రూల్ ఉంది. యూనియన్, సెలెక్ట్, ఫ్రమ్ అనే మూడు ఇంగ్లీషు మాటలు ఆ వరసలో ఒకే చోట కనిపిస్తే చాలు, మధ్యలో ఏమున్నా పట్టుకుంటుంది. ఒక కస్టమర్ డెలివరీ చిరునామాలో ఇంగ్లీషులో ఇలా రాసింది: ‘యూనియన్ బ్యాంక్ పక్కన, సెలెక్ట్ మొబైల్స్ పైన, ఫ్రమ్ టెంపుల్ సెకండ్ లేన్.’ మూడు మాటలూ వరసగా ఉన్నాయి. చెల్లించబోతే ‘మీకు అనుమతి లేదు’ అన్న తెల్ల పేజీ వచ్చింది. నాలుగుసార్లు ప్రయత్నించి, వదిలేసి, వేరే చోట కొనుక్కుంది. నమోదు పద్ధతిలో నడిపి ఉంటే ఆ ఆర్డరు పోయేది కాదు, లాగ్‌లో ఒక వరసగా మిగిలేది. మేము దాన్ని చూసి, చిరునామా గడికి ఆ ఒక్క రూల్‌ను మినహాయించేవాళ్లం.

తెలుగు లిపి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆ రూల్ సెట్‌కు నాలుగు కఠినత స్థాయులున్నాయి. మొదటిదానిలో తెలుగుకు ఇబ్బంది లేదు. మూడో స్థాయికి వెళితే మామూలు ఇంగ్లీషు కీబోర్డు అక్షరాలు కాని ప్రతిదాన్నీ తప్పుపట్టే రూల్ ఒకటి పనిలోకి వస్తుంది. పేరు తెలుగులో రాసిన కస్టమర్ దాడిచేసేవాడి కింద లెక్క! ‘ఎక్కువ స్థాయి అంటే ఎక్కువ భద్రత’ అని ఎవరైనా మూడుకో నాలుగుకో పెడతామంటే ఒప్పుకోకండి.

కొలతల లెక్క కూడా ఉంది. ‘పట్టుచీర’ మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు అది ఎనిమిది సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 24 బైట్లు. వెబ్ చిరునామాలోనో ఫారంలోనో వెళ్లేటప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారి 72 గుర్తులవుతుంది. అందువల్ల తెలుగులో వెతికిన మాటలు, తెలుగు వివరణలున్న ఉత్పత్తి పేజీలు పొడవు పరిమితిని ఇట్టే దాటేస్తాయి. రిక్వెస్టులో మొదటి కొంత భాగాన్నే పరీక్షించే ఫైర్‌వాళ్లు ఉన్నాయి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) ఫైర్‌వాల్, పేజీలను వేగంగా అందించే వాళ్ల క్లౌడ్‌ఫ్రంట్ మీద మామూలుగా 16 కేబీ వరకే చూస్తుంది, కావాలంటే 64 కేబీ దాకా పెంచుకోవచ్చు. పరిమితి దాటినదాన్ని ఆపాలా, వదలాలా అన్నది మీరే ఎంచుకోవాలి. అడ్మిన్‌లో ఉత్పత్తి వివరణ రాసే పేజీకి వదలండి, కానీ ఆ పేజీకి మీ ఐపీల నుంచి తప్ప దారి లేకుండా చేయండి. చెక్‌అవుట్‌కు ఆపండి, ఎందుకంటే ఏ చిరునామా కూడా 16 కేబీ ఉండదు.

నమోదు పద్ధతిలో నడిపే రెండు వారాల్లో కనీసం ఒక చిన్న అమ్మకం, ఒక కూపన్, ఒక రిటర్ను, ఒక విదేశీ ఆర్డరు ఉండేలా చూడండి. మామూలు రోజుల లాగ్ పండగ రోజుల గురించి ఏమీ చెప్పదు.

చెల్లింపు గేట్‌వే (మీ తరఫున కస్టమర్ దగ్గర డబ్బు తీసుకునే సంస్థ) పంపే వెబ్‌హుక్‌ను ప్రత్యేకంగా చూసుకోండి. కస్టమర్ డబ్బు కట్టాక ‘డబ్బు అందింది’ అని గేట్‌వే సర్వర్ మీ సర్వర్‌కు చెప్పే సందేశం అది. పంపేది బ్రౌజర్ కాదు, యంత్రం. బాట్లను (మనిషి లేకుండా వాటంతటవే సైట్లు తిరిగే ప్రోగ్రాములను) ఆపే పరీక్షను సైటంతటికీ పెడితే ఆ సందేశం కూడా పరీక్ష దగ్గర ఆగిపోతుంది. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి, మీ దగ్గర ఆర్డరు ‘పెండింగ్’లో ఉండి, కాసేపటికి దానంతటదే రద్దవుతుంది. చీర ఒకటే పీసు అయితే అది మళ్లీ అమ్మకానికి వచ్చి ఇంకొకరు కొనుక్కుంటారు. ఇద్దరికీ క్షమాపణలు చెప్పాల్సింది మీరు. ఆ ఒక్క దారికి బాట్ పరీక్ష తీసేయండి. దానికి బదులు సందేశంతో పాటు వచ్చే సంతకాన్ని (అది గేట్‌వే నుంచే వచ్చిందని రుజువు చేసే గుర్తును) మీ కోడ్ సరిచూడాలి. భారతీయ గేట్‌వేలు సంతకం పంపుతాయి, దాన్ని సరిచూడని సైట్లే నాకు తరచూ తగులుతుంటాయి. ‘చెల్లింపు విజయవంతం’ అన్న చిరునామా తెరిస్తే చాలు, ఆర్డరు ‘చెల్లించారు’ అని మారిపోయే దుకాణాలు చూశాను. ఎవడైనా ఆ చిరునామాను చేత్తో కొట్టి ఇరవై వేల చీర ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఫైర్‌వాల్‌కు అందులో తప్పేమీ కనిపించదు.

ఇలా ఫైర్‌వాల్ చూడలేనివి చాలా ఉన్నాయి. ఇన్‌వాయిస్ లింకులో ఆర్డర్ నంబరును 4512 నుంచి 4513కు మారిస్తే పక్కవారి పేరు, ఫోను నంబరు, చిరునామా వచ్చేస్తున్నాయనుకోండి. ఆ రిక్వెస్టులో ఒక్క చెడ్డ అక్షరం లేదు. అది మీ కోడ్ లోపం. ఇది ఇవాళే ప్రయత్నించి చూడండి: ఒక ఖాతాతో లాగిన్ అయి ఇంకొకరి ఆర్డరు నంబరు కొట్టండి. కార్డు నంబర్లు మా దగ్గర ఉండవు కదా అనుకోవచ్చు. నిజమే, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2022 అక్టోబర్ 1 నుంచి దుకాణదారులు కార్డు నంబర్లు దాచుకోకూడదు. కానీ ఫలానావారు ఫలానా రోజు ఫలానా చీర కొన్నారన్న సమాచారం మోసగాడికి చాలు. ‘మీ ఆర్డరు మీద బహుమతి వచ్చింది’ అని ఫోను చేస్తే, కొన్న చీర రంగుతో సహా చెబితే ఎవరు నమ్మరు?

బ్రౌజర్లో జరిగే దొంగతనమూ దీనికి అందదు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో చేరింది 22 లైన్ల జావాస్క్రిప్ట్. కస్టమర్ కార్డు వివరాలు నింపి బటన్ నొక్కగానే వాళ్ల బ్రౌజర్ నుంచే వాటి నకలు దొంగ సర్వర్‌కు వెళ్లింది, ఆ నకలు ఎయిర్‌వేస్ సర్వర్ వైపు రానే లేదు. 2020లో ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. చెల్లింపు పేజీలో చాట్ బొమ్మలు, ప్రకటనల ట్రాకర్లు పెట్టవద్దని నేను ప్రతి దుకాణానికీ చెప్పేది ఇందుకే. గేట్‌వే సొంత పేజీలో చెల్లింపు జరిగేలా ఉంచుకోండి.

మీకు అమెరికా ఆర్డర్లు ఎక్కువ కనుక కార్డు పరీక్షల దాడి గురించి తెలిసి ఉండాలి. దొంగిలించిన కార్డు నంబర్లలో ఏవి పనిచేస్తాయో తెలుసుకోవడానికి చిన్న మొత్తాలతో కొనుగోళ్లు చేస్తారు. మన దేశపు కార్డులకు ఓటీపీ అడ్డం పడుతుంది. విదేశీ కార్డులు చాలావరకు ఓటీపీ లేకుండా నడుస్తాయి, అందుకే వాటిని అంగీకరించే దుకాణాలను వెతుక్కుంటూ వస్తారు. ఒక చీరల దుకాణంలో తెల్లవారుజామున మూడు గంటలకు మొదలైంది. అన్నీ ఒకే వస్తువు, దుకాణంలో అన్నిటికంటే చవకైన 60 రూపాయల ఫాల్. నిమిషానికి పదుల ప్రయత్నాలు, దాదాపు అన్నీ విఫలం. గేట్‌వే వాళ్లు పొద్దున్నే విదేశీ కార్డులను ఆపేశారు. తిరిగి తెరిపించడానికి పన్నెండు రోజులు పట్టింది, అదీ పెళ్లిళ్ల సీజన్లో.

ఒక్కో రిక్వెస్టూ ఒక్కో ఐపీ నుంచి వచ్చింది కాబట్టి ఐపీకి ఇన్ని అని పెట్టిన పరిమితి పనిచేయలేదు. వాళ్లు చెక్‌అవుట్ పేజీని తెరవనే లేదు, వెనకున్న స్టోర్ ఏపీఐకి (ప్రోగ్రాములు ఆర్డర్లు పంపే దారికి) తిన్నగా పంపారు. అందువల్ల పేజీలో పెట్టిన క్యాప్చా కూడా వృథా అయింది. ఫైర్‌వాల్‌లో ఆ ఏపీఐ దారికి బ్రౌజర్ పరీక్ష పెట్టి, కార్ట్ సెషన్‌కు (ఒక కొనుగోలుదారు ఒకసారి వచ్చిన రాకకు) గంటలో ఐదు విఫల ప్రయత్నాలకు మించితే ఆపేలా చేశాకే ఆగింది. ఐపీ పరిమితులను మరీ బిగించకండి. మన మొబైల్ నెట్‌వర్కుల్లో వందలమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, దసరా ఉదయం పది గంటలకు వాళ్లందరూ నిజమైన కొనుగోలుదారులే.

ఓటీపీతో లాగిన్ పెట్టి ఉంటే దానికీ ఇదే జాగ్రత్త. బాట్లు వేల నంబర్లకు ఓటీపీలు అడుగుతాయి, ఎస్ఎంఎస్ బిల్లు మీకు వస్తుంది. ఫోను నంబరుకు, సెషన్‌కు, మొత్తం దుకాణానికి మూడు వేరువేరు పరిమితులు పెట్టండి.

‘భారత్ తప్ప అన్ని దేశాలనూ ఆపేస్తే పోలేదా’ అని మీ ప్రశ్న కింద ఒకరు సలహా ఇచ్చారు. మీకు అది కుదరదు. అమెరికా కస్టమర్లు పోతారు, గూగుల్ శోధన బాట్ కూడా ఆగుతుంది. దేశం వారీ అడ్డు అడ్మిన్ లాగిన్ దారికి మాత్రం పెట్టండి, దానికి తోడు రెండంచెల లాగిన్ పెట్టండి. మీకు కనిపించిన వేల లాగిన్ ప్రయత్నాలకు అసలు మందు అదే.

ఫైర్‌వాల్‌తో పాటు పేజీల నకళ్లు దాచి వేగంగా అందించే సదుపాయమూ వస్తుంది. కార్ట్, చెక్‌అవుట్, ‘నా ఖాతా’ పేజీలను అందులోంచి తప్పించండి. లేకపోతే ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపిస్తుంది. ఫైర్‌వాల్‌కూ మీ సర్వర్‌కూ మధ్య దారి కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. బ్రౌజర్లో తాళం గుర్తు కనిపించినంత మాత్రాన ఆ రెండో సగం భద్రంగా ఉన్నట్టు కాదు.

ఖర్చు విషయానికి వస్తే, ధరలు మారుతుంటాయి కానీ అంచనా కోసం చెబుతున్నాను. క్లౌడ్ ఫైర్‌వాల్ అమ్మే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ప్రో ప్లాన్ నెలకు 25 డాలర్లు, ఏడాదికి కలిపి కడితే నెలకు 20. ఏడబ్ల్యూఎస్‌లో ఒక రూల్ జాబితాకు నెలకు 5 డాలర్లు, అందులో చేర్చే ఒక్కో రూల్‌కో రూల్ సముదాయానికో 1 డాలరు, పది లక్షల రిక్వెస్టులకు 60 సెంట్లు. మీ స్థాయికి ఐదు సముదాయాలు, నెలకు 30 లక్షల రిక్వెస్టులు అనుకుంటే 12 డాలర్లకు లోపే. బాట్ నియంత్రణకు వేరే కట్టాలి. మీ హోస్టింగ్ వాళ్లు చెప్పిన ధర వీటికంటే చాలా ఎక్కువగా ఉంటే, ఆ తేడాకు మనిషిని ఇస్తున్నారో లేదో అడగండి.

పెద్ద కంపెనీ అయినా పడిపోయే రోజు వస్తుంది. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ తన మేనేజ్డ్ రూల్స్‌లో చేర్చిన ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల వరసను వెతికే సూత్రం) వాళ్ల సర్వర్ల ప్రాసెసర్లను మింగేసి, ప్రపంచమంతటా సైట్లు 27 నిమిషాలు ఆగిపోయాయి. ఆ రూల్ అప్పటికి నమోదు పద్ధతిలోనే ఉంది, దేన్నీ ఆపడం లేదు! అలాంటి రోజున కంగారుపడి ఫైర్‌వాల్‌ను పక్కకు తప్పించి ఐపీని బయటపెట్టకండి. ముందే రాసి పెట్టుకున్న వాట్సాప్ సందేశం కస్టమర్లకు పంపి అరగంట ఆగండి.

లాగ్‌లను ఫైర్‌వాల్ కంపెనీ దగ్గర మాత్రమే వదలకండి. చవక ప్లాన్లలో కొద్ది రోజులే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, చొరబాటు జరిగిందని తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. ఆ ఆరు గంటల్లో ఎవరు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె పక్కన అతికించండి.

మీకున్న ఏడు వారాలను నేనైతే ఇలా వాడతాను. ఈ వారం ప్లగిన్లన్నీ అప్‌డేట్ చేసి, వాడనివి తీసేసి, ఆర్డరు నంబరు పరీక్ష, వెబ్‌హుక్ సంతకం సరిచూస్తాను. రెండో వారం ఫైర్‌వాల్ పెట్టి, ఈమెయిళ్లు వేరు చేసి, దారి మూసి, ఐపీ మార్చి, నమోదు పద్ధతిలో వదులుతాను. నాలుగో వారం దాకా రోజూ పది నిమిషాలు లాగ్ చూసి మినహాయింపులు రాస్తాను. ప్రతి మినహాయింపూ ఒక గడికి, ఒక రూల్‌కు మాత్రమే. ‘చెక్‌అవుట్ మొత్తం వదిలేయండి’ అని ఎవరన్నా వినను. ఐదో వారం ముందు అడ్మిన్, లాగిన్ దారుల్లో ఆపడం మొదలుపెట్టి, రెండు రోజుల తర్వాత దుకాణం మొత్తానికి. ఆగిన కస్టమర్‌కు కనిపించే పేజీని తెలుగులో రాయించి, మీ వాట్సాప్ నంబరు పెట్టండి. పొరపాటు జరిగితే అందరికంటే ముందు చెప్పేది వాళ్లే. చివరి పది రోజులు ఏదీ ముట్టుకోకండి.

మొబైల్ డేటా మీద ఐపీ పరీక్ష చేశాక ఏం కనిపించిందో, మీ గేట్‌వే వెబ్‌హుక్ బాట్ పరీక్ష ఉన్న దారిలో ఉందో లేదో ఇక్కడ రాయండి, తర్వాతి మెట్టు చెబుతాను. ఐపీ అంకెలు, అడ్మిన్ చిరునామా మాత్రం ఇక్కడ పెట్టకండి.